ఏ పొగో తేలకుండా మందు లేదు: తోలు దుస్తులు, వదలని వాసన

1786 డిసెంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి ఇటలీలోని జెనోవాకు సరుకు తీసుకెళ్తున్న ‘మెట్టా కాతరీనా’ అనే ఓడ ఇంగ్లండ్ దక్షిణ తీరాన, ప్లిమత్ రేవు దగ్గర, తుపానుకు మునిగిపోయింది. దాని కడుపులో రష్యా తోళ్లు కట్టలు కట్టలుగా ఉన్నాయి. 1973లో గజ ఈతగాళ్లు ఆ ఓడను కనిపెట్టారు. తోళ్లను పైకి తీసి, కడిగి, ఆరబెట్టి, వాటితో బూట్లూ సంచులూ కుట్టారు. తోలు నిలిచిందంటే బురద కాపాడిందనుకోవచ్చు. కానీ దాని వాసన కూడా నిలిచింది. రష్యా తోలుకు పేరు తెచ్చినది బిర్చ్ చెట్టు బెరడును గాలి తగలకుండా కాల్చి తీసిన తారు నూనె. దాని వాసన కట్టెల పొగ వాసనకు దాయాది. దాదాపు రెండు వందల ఏళ్లు ఉప్పునీటి అడుగున పడి ఉన్నా అది తోలును వదల్లేదు.

చలిమంట దగ్గర ఒక్క రాత్రి కూర్చుని వచ్చిన జాకెట్‌కు అంత గతి పట్టదు. రష్యా తోలుకు తారు నూనెను పని గట్టుకుని పట్టించేవారు, జాకెట్‌కు పట్టింది దాని నీడ మాత్రమే. అయినా స్వభావం ఒకటే. చొక్కాకు పట్టిన పొగ ఒక్క ఉతుకుతో పోతుంది. తోలుకు పట్టినది వారాల తరబడి బీరువా తలుపు తీసినప్పుడల్లా పలకరిస్తుంది. దాన్ని వదిలించడానికి చెప్పే ఇంటి చిట్కాలకు కొదవ లేదు. వెనిగర్, తినే సోడా, కాఫీ పొడి, వార్తాపత్రికలు, చివరికి ఫ్రిజ్‌లో పెట్టమనే సలహా. వీటిలో కొన్ని పనిచేస్తాయి, కొన్ని పనిచేసినట్టు కనిపిస్తాయి, కొన్ని తోలును చంపుతాయి. అన్నిటిలోనూ ఉన్న లోపం ఒకటే, లోకంలో పొగ ఒకే రకం ఉన్నట్టు మాట్లాడతాయి. సిగరెట్ పొగ, కట్టెల పొగ, తాలింపు పొగ, టపాసుల పొగ రసాయనాల లెక్కలో ఒకదానికొకటి పొంతన లేనివి. ఏ పొగో తేల్చుకోకుండా మందు వేస్తే, జ్వరం ఏమిటో తెలియకుండా మాత్ర మింగినట్టే ఉంటుంది.

తోలు పొగను ఎందుకు అంత గట్టిగా పట్టుకుంటుంది

తోలు అంటే జంతు చర్మంలోని కొల్లాజెన్ అనే మాంసకృత్తు పీచులు. నూలు దారంలా వరసగా ఉండవు, చిక్కుపడిన జుట్టులా ఒకదానిలోకి ఒకటి దూరి ఉంటాయి. ఆ పీచుల మధ్య సందులు లెక్కలేనన్ని. తోలు మెత్తగా వంగడానికి పదును చేసేటప్పుడు ఆ సందుల్లోకి నూనెలు ఎక్కిస్తారు. ఆ నూనెలు లేకపోతే జాకెట్ అట్టముక్కలా బిగుసుకుంటుంది. పొగలోని వాసన పదార్థాల్లో ఎక్కువ భాగం నీటిలో కన్నా నూనెలో తేలిగ్గా కరుగుతాయి. కాబట్టి పొగ తగిలిన తోలులో జరిగేది పైన మసి అంటడం ఒక్కటే కాదు. వాసన ఆ నూనెలో కరిగి లోపలికి దిగుతుంది. ఎంత నెమ్మదిగా దిగిందో అంతకన్నా నెమ్మదిగా పైకి వస్తుంది.

ఇంకో సంగతి ఉంది. తోళ్లను పదును చేయడానికి దక్షిణాదిన తరతరాలుగా వాడినది తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ. తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడు పువ్వు అందరికీ తెలుసు, ఆ చెట్టు బెరడుకు తోళ్ల వ్యాపారంలో ఉన్న గిరాకీ గురించి చెప్పుకునేవారు తగ్గిపోయారు. ఆ బెరడులోని టానిన్లు ఫినాల్ జాతి పదార్థాలు. కొల్లాజెన్‌ను పట్టుకుని వదలకపోవడమే వాటి పని. కట్టెల పొగకు ఆ ఘాటు ఇచ్చే గ్వయకాల్, క్రెసాల్ వంటివి కూడా ఫినాల్ జాతివే, కాకపోతే చిన్న అణువులు. పొగలోని ఆల్డిహైడ్లు మరీ ముందుకెళ్లి పీచులను నిజంగానే పదును చేస్తాయి. ఉత్తర అమెరికా ఆదివాసులు జింక తోలును గుడారంలా కట్టి కింద పొగ పెట్టి పదును చేసేది ఈ గుణం వల్లే. అలా చేసిన తోలు పొగ వాసన ఏళ్ల తరబడి ఉంటుంది, దాన్ని ఎవరూ లోపంగా చూడరు. తోలుకు పొగ పరాయిది కాదన్నమాట. ఇంటికి వచ్చిన చుట్టాన్ని సాగనంపడం కష్టం.

ఈ రెండు కారణాలూ కలిసి ఒక హద్దు గీస్తాయి. లోపలికి దిగిన వాసనను ఏ ద్రావణమూ పై నుంచి తుడిచి తీయలేదు. అది గాలిలోకి తనంతట తాను రావాలి. మనిషి చేయగలిగింది ఆ దారిని సుగమం చేయడం, పైనున్న మసి పొరను తీసేయడం, బయటికి వచ్చినది తిరిగి తోలులోకే దూరకుండా ఎక్కడైనా బంధించడం. ఇంటి వైద్యంలో పనికొచ్చేవన్నీ ఈ మూడింటిలోకే వస్తాయి.

నాలుగు పొగలు, నాలుగు స్వభావాలు

సిగరెట్, బీడీ, చుట్టల పొగలో నికోటిన్, పిరిడిన్ జాతి పదార్థాలు ముఖ్యం. ఇవి క్షార గుణం ఉన్నవి. ఆమ్లం తగిలితే లవణాలుగా మారి గాలిలోకి లేవడం మానేస్తాయి, పైగా నీటిలో కరుగుతాయి. పలుచని వెనిగర్‌తో తుడిస్తే సిగరెట్ వాసన తగ్గుతుందనే మాటలో అందుకే నిజం ఉంది. వెనిగర్ వాసన ఒక రోజులో ఎగిరిపోతుంది, లవణాలు తుడిచిన గుడ్డకు అంటి వచ్చేస్తాయి. తెల్లటి నూలు గుడ్డతో పొగతాగేవారి జాకెట్ కాలర్ తుడిచి చూస్తే సంగతి కళ్లకు కడుతుంది. ఒక్క తుడుపుకే గుడ్డ మీద టీ డికాక్షన్ రంగులో చార పడుతుంది. రెండోసారి లేత పసుపు, మూడో నాలుగో తుడుపుకు గుడ్డ తెల్లగానే ఉంటుంది. అక్కడితో ఆపాలి. గుడ్డకు జాకెట్ రంగే అంటడం మొదలైతే అది మసి కాదు, తోలు అద్దకం పోతున్నదని.

కట్టెల పొగ కథ వేరు. కొయ్యలోని లిగ్నిన్ కాలినప్పుడు పుట్టే గ్వయకాల్, సిరింగాల్ వంటి ఫినాల్‌లు ఆమ్ల గుణం ఉన్నవి, అదీ చాలా బలహీనంగా. వెనిగర్‌కు అవి లొంగవు. పోనీ తినే సోడాకు లొంగుతాయా అంటే, ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో పరీక్షనాళిక పట్టుకున్నవారికి జవాబు తెలుసు. కార్బాక్సిలిక్ ఆమ్లంలో బైకార్బనేట్ వేస్తే బుసబుసమని పొంగుతుంది, ఫినాల్‌లో వేస్తే చడీచప్పుడూ ఉండదు. ఆ పరీక్ష ఉన్నదే రెండింటినీ వేరుగా గుర్తుపట్టడానికి. కట్టెల పొగలో ఎసిటిక్ ఆమ్లం కూడా ఉంటుంది కాబట్టి సోడా ఆ పుల్లటి పొరను కొంత తగ్గిస్తుంది, ఘాటు మాత్రం అలాగే ఉంటుంది. భోగిమంట, నెగడు, పొయ్యి పొగ పట్టిన తోలుకు నమ్మదగిన మందులు గాలి, యాక్టివేటెడ్ కార్బన్ అనే వాసన పీల్చే బొగ్గు, ఓపిక.

తాలింపు పొగ నిజానికి పొగ కాదు, నూనె ఆవిరి. హాలులోనే వంటగది కలిసి ఉండే అపార్ట్‌మెంట్లలో, అందులోనూ చలిదేశాల్లో కిటికీలు తెరవలేక ఎండుమిర్చి వేయించే తెలుగు ఇళ్లలో, తలుపు దగ్గర కొక్కేనికి వేలాడే జాకెట్‌కు ఇదే శత్రువు. జిడ్డు సన్నటి పొరలా పైన చేరుతుంది, ఆ జిడ్డే పాతబడి మక్కు వాసన వేస్తుంది. వెనిగర్ జిడ్డును కరిగించదు. తోలు కోసం తయారైన మృదువైన క్లీనర్ నురగ కావాలి. ఒక మేలు ఏమిటంటే ఈ వాసన ఎక్కువ లోతుకు దిగదు.

టపాసుల పొగలో గంధకపు ఆవిర్లు, లవణాల ధూళి ఉంటాయి. ధూళి తేమను పీల్చుకుంటుంది కాబట్టి దీపావళి మర్నాడే మెత్తటి బ్రష్‌తో పొడిగా దులపాలి, తడి గుడ్డ తర్వాత. ఇక ఇల్లు కాలినప్పుడు పట్టే పొగ వీటన్నిటికన్నా చెడ్డది. ప్లాస్టిక్కులు, రంగులు, పరుపులు కాలిన మసి అది, పీవీసీ కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా వస్తుంది. 2018 నవంబరులో ఉత్తర కాలిఫోర్నియాలో పారడైజ్ పట్టణం కాలిపోయినప్పుడు ఆ పొగ రోజుల తరబడి శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఊళ్లను కమ్మేసింది, తెలుగు కుటుంబాలు వేలల్లో ఉండే ప్రాంతం అది. అంత దూరం నుంచి వచ్చిన పొగ పట్టిన దుస్తులకు ఇంటి వైద్యం సరిపోతుంది. మంట చూసిన ఇంట్లోంచి తెచ్చిన తోలును మాత్రం ఇంట్లో తుడవడానికి కూర్చోకూడదు. ఆ మసిని రుద్దితే లోపలికి పోతుంది, ఊపిరికీ మంచిది కాదు. బీమా ఉంటే దాని సంగతి ముందు చూసుకోవడం నయం.

తుడవడానికి ముందు చూసుకోవాల్సినవి

ముందు అది తోలేనా? తోలు పేరుతో అమ్ముడుపోయే జాకెట్లలో రెక్సిన్ జాతివి తక్కువేమీ కాదు. కుట్టు విప్పిన చోటో, జేబు అంచులోనో తెగిన వైపు చూస్తే తెలుస్తుంది. తోలైతే పీచు పీచుగా కనిపిస్తుంది, రెక్సినైతే గుడ్డ మీద ప్లాస్టిక్ పొర కనిపిస్తుంది. రెక్సిన్ అయితే చింత తక్కువ, పలుచని సబ్బునీటి గుడ్డతో పైన నిర్భయంగా తుడవచ్చు.

తోలే అయితే నీటి బొట్టు పరీక్ష చేయాలి. లోపలి అంచున, ఎవరికీ కనిపించని చోట, ఒక బొట్టు నీళ్లు వేసి చూడాలి. తామరాకు మీద నీటిబొట్టులా నిలబడితే ఆ తోలు మీద రంగు పొర ఉంది, కొంత తడిని ఓర్చుకుంటుంది. బొట్టు ఇంకిపోయి ముదురు మచ్చ పడితే అది పై పొర లేని తోలు, అనిలిన్ అంటారు, లేదా పై ముఖాన్ని గీకి నూగులా చేసిన నుబక్. దానికి ఏ ద్రవమూ తగలనివ్వకూడదు. లోపలి వైపు నూగును పైకి పెట్టి చేసే స్వేడ్‌ది కూడా ఇదే నియమం. ఈ జాతులకు రబ్బరు బ్రష్, గాలి, కింద చెప్పబోయే కార్బన్ పెట్టె తప్ప ఇంట్లో వేరే దారి లేదు.

మూడోది, ఎక్కువమంది మరిచిపోయేది, లైనింగ్. జాకెట్ లోపలి గుడ్డ పాలియెస్టరో విస్కోసో అయి ఉంటుంది. వాసన వేసేది చాలాసార్లు తోలు కన్నా అదే. చెమట, సెంటు, పొగ అన్నీ కలిసి అక్కడ ఒక పొరగా ఉంటాయి. భుజాల మెత్తల్లోని స్పాంజి, చేతుల మొదట్లో ఉండే దూది పొర కూడా పొగను బాగా పీలుస్తాయి. ముక్కును ఒకసారి తోలుకు, ఒకసారి చంక దగ్గరి లైనింగ్‌కు, ఒకసారి లోపలి జేబు అడుగుకు ఆనించి చూస్తే నేరస్థుడు దొరుకుతాడు. జేబు మూలల్లో పేరుకున్న పొగాకు పొట్టు, నూగు ముద్దలను తిరగేసి దులపకుండా బయట ఎంత తుడిచినా లాభం ఉండదు.

చేసే వరస

మొదటి వారం గాలిదే. వెడల్పాటి కొయ్య హ్యాంగర్‌కు వేసి, గుండీలు, జిప్పులు విప్పి, నీడపట్టున ఫ్యాను గాలికి పెట్టాలి. తీగ హ్యాంగర్ భుజాల దగ్గర గూళ్లు పెడుతుంది. రెండు రోజులు బయటి వైపు, రెండు రోజులు తిరగేసి లోపలి వైపు. గది వెచ్చగా, పొడిగా ఉంటే వాసన తొందరగా లేస్తుంది. అలాగని ఎండలో వేయకూడదు. ఎండకు రంగు వెలుస్తుంది, నూనెలు ఆరి తోలు బీటలు వారుతుంది. హెయిర్ డ్రయ్యరూ వద్దు. తడిగా ఉన్న తోలు ఒక వేడి దాటితే పీచులు ముడుచుకుపోతాయి. చెట్టు బెరడుతో పదును చేసిన తోలుకు ఆ హద్దు 75-80 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కలే ఉంటుంది. క్రోమియంతో చేసినది ఇంకాస్త ఓర్చుకుంటుందన్న ధైర్యంతో ప్రయోగం చేసి చూడడం తెలివైన పని కాదు.

ఒక్క సాయంత్రం పట్టిన పొగైతే చాలావరకు ఇక్కడే పోతుంది. పోకపోతేనే తుడుపు. సిగరెట్ పొగకు ఒక పాలు తెల్ల వెనిగర్, నాలుగు పాళ్లు నీళ్లు. కిరాణా కొట్లో దొరికే వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం 4-5 శాతం ఉంటుంది, ఈ లెక్క దానికే. గుడ్డను ముంచి, గట్టిగా పిండి, ఇక చుక్క రాలదు అన్నాక తోలుకు తాకించాలి. కాలర్, మణికట్టు అంచులు, జేబు మూతలు, ఛాతీ వైపు మొదట. తర్వాత మంచినీటి గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి. ఒక పూటంతా ఆరనివ్వాలి. తడిసిన తోలు ఆరేటప్పుడు పీచులు ఒకదానికొకటి అతుక్కుని బిగుసుకుంటాయి. ఎంత తక్కువ తడి, ఎంత నిదానంగా ఆరడం ఉంటే అంత మెత్తగా మిగులుతుంది.

లైనింగ్‌కు నీళ్లు వద్దు, నురగ కావాలి. గిన్నెలో పలుచని ద్రవ డిటర్జెంట్ వేసి బాగా గిలకొట్టి, పైన తేలిన నురగను మాత్రమే స్పాంజితో తీసి గుడ్డకు అద్దాలి. తడి గుడ్డతో తీసేసి, తిరగేసి ఆరబెట్టాలి. నురగలో నీళ్లు తక్కువ కాబట్టి వెనకనున్న తోలు దాకా దిగవు. నాటకాల వాళ్లు ఉతకడానికి వీలు లేని దుస్తులకు వోడ్కా చల్లి చెమట వాసన పోగొడతారని వింటాం. లైనింగ్ మీద సన్నగా చల్లితే అది కొంత పనిచేస్తుంది. తోలు మీద పడితే పై పొరను మెత్తబరిచి మచ్చ చేస్తుంది. చేతిలో స్ప్రే సీసా ఉన్నప్పుడు గురి ఎంత నిలుస్తుందో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

చివరి మెట్టు కార్బన్ పెట్టె. యాక్టివేటెడ్ కార్బన్ అంటే బొగ్గునే, ముఖ్యంగా కొబ్బరి చిప్ప బొగ్గును, 800-1000 డిగ్రీల ఆవిరిలో మళ్లీ కాల్చి సూక్ష్మ రంధ్రాలు తెరిపించినది. ఒక్క గ్రాములోని రంధ్రాల గోడలన్నీ పరిస్తే 500 నుంచి 1500 చదరపు మీటర్లు వస్తుంది. 200 గజాల ఇంటి స్థలాలు మూడు నుంచి తొమ్మిది అన్నమాట, చిటికెడు పొడిలో. వాసన అణువులు ఆ గోడలకు అంటుకుని ఉండిపోతాయి. ఫినాల్‌ల మీద కూడా ఇది బాగా పనిచేస్తుంది, అందుకే కట్టెల పొగకు ఇదే సరైన మందు. అక్వేరియం సామగ్రి అమ్మే కొట్లలో గింజల రూపంలో దొరుకుతుంది. పావు కిలో గింజలను రెండు మూడు నూలు సంచుల్లో కట్టి, మూత ఉన్న పెద్ద పెట్టెలో జాకెట్ పక్కన పెట్టాలి. తోలుకు తగలకూడదు, నల్లటి పొడి అంటుతుంది. వారానికోసారి జాకెట్‌ను తీసి ఒక పూట గాలికి పెట్టి, మళ్లీ పెట్టెలో పెట్టాలి. రెండు మూడు వారాలు ఇలా సాగాలి. వంటింటి బొగ్గులూ కొంత పీలుస్తాయి, కానీ వాటి రంధ్రాలు తెరుచుకోని తలుపులు. వర్షాకాలంలో పెట్టె మూసి ఉంచితే బూజు పట్టే ప్రమాదం ఉంది కనుక సిలికా జెల్ పొట్లాలు కూడా వేయాలి.

చెడగొట్టే చిట్కాలు

తినే సోడా గురించి ఒక జాగ్రత్త తప్పనిసరి. తోలు స్వతహాగా కొంచెం ఆమ్ల గుణంలో ఉంటుంది, పీహెచ్ సుమారు 4. సోడా ద్రావణం పీహెచ్ 8 దాటుతుంది. పొడిగా, గుడ్డ మూటలో కట్టి పక్కన పెడితే హాని లేదు. జాకెట్ మీద నేరుగా చల్లి రాత్రంతా వదిలేయమనే చిట్కా మాత్రం చెడ్డది. చెమట తడి తగిలిన చోట అది క్షారంగా మారి పీచులను బలహీనపరుస్తుంది, కుట్లలో తెల్లగా పేరుకుంటుంది. పైగా, ఆమ్ల గుణమున్న తోలులో లవణంగా బంధించి ఉన్న నికోటిన్‌ను క్షారం విడిపిస్తుంది. సిగరెట్ వాసన తగ్గడానికి చల్లిన సోడా దాన్ని పెంచే అవకాశమూ ఉంది. ఇక తినే సోడా బదులు చాకలి సోడా చేతికి వస్తే జాకెట్ మీద ఆశ వదులుకోవచ్చు, దాని పీహెచ్ 11 దాకా ఉంటుంది.

ఫ్రిజ్‌లో పెడితే వాసన పోతుందనేది చలికి ముక్కు మోసపోవడం. చల్లదనంలో వాసన గాలిలోకి లేవదు, అంతే. బయటికి తీసి గది వేడికి రాగానే మళ్లీ మొదలవుతుంది. కాఫీ పొడి కొంత పీలుస్తుంది, ఎక్కువగా తన వాసనతో కప్పేస్తుంది. కర్పూరం, కలరా ఉండలు, అత్తరు నూనెల సంగతి మరీ ఘోరం. అవి కూడా నూనెలో కరిగే జాతివే కాబట్టి పొగ దిగిన దారినే తోలులోకి దిగుతాయి. అప్పుడు వదిలించాల్సిన వాసనలు రెండవుతాయి. పొగ వాసన పోవడానికి సాంబ్రాణి వేసేవారూ లేకపోలేదు, పొగకు పొగ పెట్టడం ఏ శాస్త్రమో.

ఓజోన్ యంత్రాలను ఇప్పుడు ఇళ్లకూ అమ్ముతున్నారు. ఓజోన్ వాసన పదార్థాలను విరగ్గొడుతుందన్నది నిజమే. దానితోపాటు అద్దకం రంగులనూ, ఎలాస్టిక్‌లోని రబ్బరునూ, ఊపిరితిత్తుల పొరలనూ వదలదు. మూసిన ఇంట్లో దాన్ని నడపడం ఒక జాకెట్ కోసం చేయాల్సిన పని కాదు. గుడ్డల మీద చల్లే వాసన నివారిణులు లైనింగ్‌కు పరవాలేదు, తోలు మీద చల్లవద్దని వాటి డబ్బాల మీదే రాసి ఉంటుంది.

కొబ్బరి నూనె ప్రలోభం తెలుగు ఇళ్లలో ప్రత్యేకం. తుడిచాక తోలు ఎండినట్టు కనిపిస్తే చేయి అటే పోతుంది. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది, చలికాలంలో జాకెట్ మీద తెల్లటి చారలుగా పైకి తేలుతుంది. వేరుశనగ, ఆలివ్ నూనెలు కొన్నాళ్లకు మక్కిపోయి కొత్త వాసన తెస్తాయి. తోలు కోసమే చేసిన కండిషనర్ వాడాలి, అదీ వాసన పూర్తిగా తగ్గాకే. ముందే పట్టిస్తే కొత్త నూనెలో పాత వాసన కరిగి ఇంకా హాయిగా స్థిరపడుతుంది.

పోయిందని ఎలా తెలుస్తుంది

రోజూ అదే వాసన పీల్చే ముక్కు దాన్ని గుర్తించడం మానేస్తుంది. ఇంట్లో పొగతాగేవారికి తమ ఇంటి వాసన తెలియకపోవడానికి కారణం ఇదే. కాబట్టి వాసన వదిలించే మనిషి మాట నమ్మదగిన సాక్ష్యం కాదు. ఉతికి ఆరిన తెల్ల చేతిరుమాలును జాకెట్‌తోపాటు ఒక శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి కట్టి, రాత్రంతా వెచ్చటి గదిలో ఉంచాలి. పొద్దున్న రుమాలును మాత్రం తీసి, ఆ ఇంట్లో ఉండని మనిషి చేతికి ఇవ్వాలి. ఎందుకో చెప్పకూడదు. పక్కింటావిడ రుమాలు అందుకుని ముఖం చిట్లిస్తే పెట్టెలో ఇంకో వారం ఉండాల్సిందే.

కొన్నేళ్లు రోజూ పొగతాగిన మనిషి వేసుకున్న జాకెట్ ఇంటి వైద్యంతో పూర్తిగా బాగుపడదని ముందే ఒప్పుకోవడం మంచిది. సగానికి తగ్గుతుంది. మామూలు డ్రై క్లీనింగ్ కొట్టుకు ఇస్తే వాడే ద్రావకం వాసనతోపాటు తోలులోని నూనెను కూడా లాగేస్తుంది. తోలు పని తెలిసిన చోటైతే మళ్లీ నూనె ఎక్కించి ఇస్తారు, అడిగి ఇవ్వాలి. అంతకన్నా చవకైన ఉపాయం దర్జీ దగ్గర ఉంది. పాత లైనింగ్, భుజాల మెత్తలు మొత్తం విప్పేసి, విప్పిన తోలును లోపలి వైపు నుంచి పది రోజులు గాలికి ఉంచి, కొత్త లైనింగ్ వేయించడం. లోపలి వైపు రంగు పొర ఉండదు, పీచులు తెరుచుకుని ఉంటాయి, వాసన ఆ వైపు నుంచే తొందరగా బయటపడుతుంది. కుట్టు కూలి కొంత అవుతుంది కానీ, నెలల తరబడి వెనిగర్ గుడ్డ పట్టుకుని చేసే యుద్ధం కన్నా ఇదే తెలివైన ఖర్చు.

వేసవి అంతా ఏ వాసనా లేకుండా ఉన్న జాకెట్ తొలకరి వారంలో మళ్లీ పొగ వాసన వేయడం చూసి చేసినదంతా వృథా అనుకుంటారు. గాలిలో తేమ పెరిగితే నీటి అణువులు పీచుల మీద చోటు చేసుకుంటూ, అక్కడ అంటిపెట్టుకుని ఉన్న వాసన అణువులను తోసేస్తాయి. ఎండాకాలంలో అవి లోపల కదలకుండా ఉన్నాయి, ఇప్పుడు బయటికి వస్తున్నాయి. వస్తున్నవి పోవడానికే వస్తున్నాయి కాబట్టి అప్పుడు చేయాల్సింది బీరువా మూయడం కాదు. జాకెట్‌ను ఫ్యాను కింద వేలాడదీయాలి, పాత గింజలు పారేసి సంచుల్లో కొత్త కార్బన్ నింపాలి, వాన వెలిసిన పూట కిటికీ తెరవాలి.